రెండేళ్ల కార్డు, పదేళ్ల కార్డు, పుట్టిల్లు

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో బుఢీ ఠాకురాణి అమ్మవారు రెండేళ్లకోసారి పుట్టింటికి వస్తుంది. దేశీ బెహరా వారి ఆడపడుచుగా ఆ వీధిలో కొన్ని వారాలుండి, యాత్ర ముగిశాక గుడికి తిరిగి వెళ్తుంది. అమెరికాలో కాపురం చెదిరి గంజాంకు తిరిగొచ్చిన ఆడపిల్లకూ ముందుగా అక్కరకొచ్చే అంకె రెండే. ఆమె దగ్గరున్నది రెండేళ్ల కార్డా, పదేళ్ల కార్డా?

"విడాకులైతే గ్రీన్ కార్డు పోయినట్టేనా?" అని చాలామంది అడుగుతారు. పోదు. విడాకుల డిక్రీ కార్డును రద్దు చేయదు. అయితే రెండు కార్డుల కథా ఒకటి కాదు.

భర్త అమెరికా పౌరుడై, భార్య స్థిర నివాసిగా అక్కడ అడుగుపెట్టే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, ఇచ్చేది షరతులతో కూడిన రెండేళ్ల కార్డు. దొంగ పెళ్లిళ్లను ఆపడానికి 1986లో చేసిన చట్టం ఇది. గడువు ముగియడానికి ముందున్న 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 ఫారం వేయాలి. దాని ఫీజు 2024 ఏప్రిల్ నుంచి 750 డాలర్లు. వేయకపోతే గడువు నాటికి హోదా దానంతటదే రద్దవుతుంది. విడాకులైనవారు ఒంటరిగానూ వేయవచ్చు, వారికి ఆ 90 రోజుల నిబంధన లేదు. పెళ్లి నిజంగా కాపురం కోసమే జరిగిందని ఉమ్మడి ఖాతాలు, అద్దె కాగితాలు, ఫొటోలతో చూపించగలిగితే చాలు. భర్త కొట్టినా వేధించినా, ఆ కారణం మీదే మినహాయింపు అడిగే దారి కూడా ఉంది.

పదేళ్ల కార్డు సంగతి వేరు. భర్త ఉద్యోగం మీద కుటుంబానికంతా వచ్చిన గ్రీన్ కార్డు చాలావరకు ఇదే. దీనికి పెళ్లి షరతు లేదు. విడాకుల తర్వాత మారేది పౌరసత్వానికి ఎదురుచూసే కాలం. అమెరికా పౌరుడైన భర్తతో కలిసి ఉంటే మూడేళ్లకే దరఖాస్తు చేసుకోవచ్చు, లేకపోతే అందరిలాగే ఐదేళ్లు. ఇక భర్త వీసాను ఆధారం చేసుకున్న హెచ్-4 వీసా మీద ఉన్న భార్యకు గ్రీన్ కార్డే లేదు కాబట్టి వదులుకోవడానికీ ఏమీ లేదు, విడాకులతో ఆ హోదా ముగుస్తుంది. మన తెలుగు ఇళ్లలో ఈ మూడింటినీ కలిపి "అమెరికా కార్డు" అనేస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

కార్డును తానుగా వదులుకునే కాగితం ఐ-407. దీన్ని అమెరికా పౌరసత్వ, వలస సేవల శాఖకు తపాలాలో పంపాలి. గంజాం, ఒడిశా మొత్తం హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకే వచ్చినా, ఈ ఫారం కోసం అక్కడికి పరుగెత్తాల్సిన పని సాధారణంగా ఉండదు.

ఐ-407 మీద సంతకం విషయంలో తొందర ఎవరిదో గమనించాలి. పెళ్లి మీద వచ్చిన గ్రీన్ కార్డు వెనక స్పాన్సర్ సంతకం చేసిన ఐ-864 అనే పూచీపత్రం ఉంటుంది. పేదరిక రేఖలో 125 శాతానికి తగ్గకుండా ఆమెను పోషిస్తానని ప్రభుత్వానికి ఇచ్చిన మాట అది. ఆ బాధ్యత ఆమె పౌరురాలైతే తీరుతుంది, 40 త్రైమాసికాల పని, అంటే సుమారు పదేళ్ల పని లెక్కకు వస్తే తీరుతుంది, ఇద్దరిలో ఎవరైనా మరణిస్తే తీరుతుంది, ఆమె స్థిర నివాస హోదా వదులుకుని దేశం విడిచినా తీరుతుంది. ఈ జాబితాలో విడాకులు లేవు! కనుక "నువ్వెలాగూ బరంపురం వెళ్లిపోయావు కదా, ఆ ఫారం మీద సంతకం పెట్టేయ్" అని అటువైపు నుంచి ఫోను వస్తే, ఆ మాట ఆమె మేలు కోసమే అయి ఉండాలని లేదు. విమానాశ్రయంలో అధికారి ఐ-407 ముందుకు జరిపినా సంతకం తప్పనిసరి కాదు, ఇమిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటాననే హక్కు ఉంది.

తొందరపాటు ఒక తప్పయితే, కార్డును బీరువాలో పెట్టి మరిచిపోవడం రెండోది. నా లెక్కలో ఇదే పెద్ద తప్పు. బయట 180 రోజులు దాటితే తిరిగి వెళ్లినప్పుడు కొత్తగా ప్రవేశం కోరుతున్నట్టు ప్రశ్నలు అడగవచ్చు. ఏడాది దాటితే ఒట్టి కార్డుతో విమానం ఎక్కలేరు. రెండేళ్ల దాకా పనికొచ్చే రీఎంట్రీ పర్మిట్ ఉంది కానీ, దరఖాస్తు అమెరికాలో ఉండగానే పెట్టాలి. ఇంత జరిగినా పన్ను శాఖ దృష్టిలో ఆమె ఇంకా అమెరికా నివాసే. పదేళ్ల కార్డు మీద గడువు తేదీ దాటినా కార్డే పాతబడుతుంది గానీ హోదా పోదు. బరంపురంలో చేసే ఉద్యోగం జీతం, బ్యాంకు వడ్డీ కూడా అక్కడి రిటర్నులో చూపించాల్సినవే. ఇక్కడి ఖాతాల్లో మొత్తం కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే విడిగా మరో ఫారం.

ఇంకో అంకె 15లో 8. గత 15 సంవత్సరాల్లో 8 సంవత్సరాలు గ్రీన్ కార్డు ఉన్నవారు వదులుకునేటప్పుడు ఆస్తుల లెక్కతో 8854 ఫారం వేయాలి, ఆస్తి 20 లక్షల డాలర్లకు చేరితే నిష్క్రమణ పన్ను కూడా పడవచ్చు. ఏడాదిలో ఒక్కరోజు కార్డున్నా ఆ ఏడాది లెక్కకొస్తుంది. 2018 డిసెంబరులో కార్డు వచ్చి 2025 జనవరిలో వదులుకుంటే గడిచింది ఆరేళ్ల పైచిలుకే, లెక్కలో మాత్రం ఎనిమిది!

ఇక్కడి విడాకుల లెక్క కూడా తేల్చుకోవాలి. పరస్పర అంగీకారంతో అయితే ఏడాది విడిగా ఉండాలి, పిటిషన్ తర్వాత ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలను కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. వివాహ చట్టానికి 2003లో వచ్చిన సవరణ తర్వాత భార్య తానుంటున్న ఊళ్లోనే పిటిషన్ వేయవచ్చు. పెళ్లి విశాఖలో జరిగినా, కేసు బరంపురం ఫ్యామిలీ కోర్టులో నడపవచ్చన్నమాట. అటునుంచి అమెరికా కోర్టు డిక్రీ వచ్చి పడితే భయపడనక్కర్లేదు. 1975లో తిరుపతిలో పెళ్లయిన తెలుగు దంపతుల కేసులో, భర్త మిస్సోరిలో ఏకపక్షంగా తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది.

తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే ఐ-407 జోలికి పోకండి, ముందు అమెరికా వలస చట్టం తెలిసిన వకీలుతో మాట్లాడండి. వెళ్లననుకుంటే పన్ను రిటర్నులు సరిచూసుకుని ఫారం పంపేయండి. దానికి ఫీజు లేదు, తపాలా ఖర్చే. పంపిన రసీదు, ఫారం నకలు పారేయకండి. ఏ రోజు నుంచి మీరు అమెరికా పన్ను చెల్లింపుదారు కారో రేపు చూపించేది ఆ కాగితాలే.