లేజర్ ప్రింటరులో కాగితపు సమస్యలు

లేజర్ ప్రింటరులో కాగితం ట్రే నుండి బయలుదేరి ముద్రణ పూర్తయి బయటకు వచ్చేవరకు ఏర్పడే ఆటంకాలను కాగితపు సమస్యలు అంటారు. కాగితం ఇరుక్కొనుట, ట్రే నుండి కదలకపోవుట, ఒకేసారి రెండు మూడు కాగితాలు పోవుట, వంకరగా పోవుట, ముడతలు పడుట వీటిలో ముఖ్యమైనవి. ఇరుక్కొనుటనే వాడుకలో పేపర్ జామ్ అంటారు. వీటిలో చాలావరకు యంత్రపు లోపం వలన గాక కాగితపు స్థితి వలన కలుగుతాయి.

నేపథ్యం

లేజర్ ప్రింటరు ఫోటోకాపీ యంత్రం నుండి పుట్టినది. అమెరికాకు చెందిన గ్యారీ స్టార్క్‌వెదర్ జెరాక్స్ సంస్థలో పనిచేస్తూ దీనిని రూపొందించాడు. 1984లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ లేజర్‌జెట్‌ను విడుదల చేసిన తరువాత ఇది బల్లపై ఉంచుకొనే యంత్రంగా వ్యాప్తి చెందినది. కాగితాన్ని రబ్బరు రోలర్లతో లాగే పద్ధతి ఫోటోకాపీ యంత్రం నుండే వచ్చినందున, దానిలోని చిక్కులు కూడా దీనికి సంక్రమించాయి.

కాగితపు మార్గం

* పికప్ రోలరు ట్రేలోని పై కాగితాన్ని లాగుతుంది. దాని ఎదుట ఉండే సెపరేషన్ ప్యాడ్ క్రింది కాగితాన్ని ఆపుతుంది.
* రిజిస్ట్రేషన్ రోలర్లు కాగితపు అంచును క్షణకాలం నిలిపి, తిన్నగా చేసి, సరియైన సమయానికి డ్రమ్ము వద్దకు పంపుతాయి.
* డ్రమ్ముపై గల టోనరు పొడి విద్యుదావేశం వలన కాగితంపైకి చేరుతుంది.
* ఫ్యూజరు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడితోను, ఒత్తిడితోను పొడిని కరిగించి కాగితానికి అంటిస్తుంది.

మార్గమధ్యంలో సెన్సార్లు ఉంటాయి. కాగితం అనుకున్న సమయానికి రాకపోయినా, వెళ్ళకపోయినా యంత్రం ఆగిపోతుంది. కాగితం ఏదీ లేకున్నా జామ్ అని చూపితే, చిన్న చింపిరి ముక్క సెన్సారు మీటను నొక్కి ఉంచినదేమో చూడవలెను.

కారణాలను గుర్తించుట

మొదట కొత్త కట్టలోని పొడి కాగితాలు కొన్ని వేసి పరీక్షించవలెను. సమస్య తీరితే లోపం పాత కాగితానిది. తీరకపోతే కాగితం ఆగిన చోటును బట్టి కారణాన్ని ఊహించవచ్చు.

* ట్రే వద్దనే ఆగితే పికప్ రోలరుకు కాగితపు ధూళి పట్టి నునుపెక్కి ఉండవచ్చు. నీటితో తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత వాడవలెను. అప్పటికీ లాగకపోతే రోలరు మార్చవలెను.
* రెండేసి కాగితాలు పోతుంటే కాగితాలు తేమకు అంటుకొని ఉండవచ్చు, లేదా సెపరేషన్ ప్యాడ్ అరిగి ఉండవచ్చు.
* వంకరగా పోతే ట్రేలోని గైడ్లు వదులుగా ఉన్నాయని అర్థం.
* ఫ్యూజరు వద్ద ముడతలు పడితే తేమ గాని, అరిగిన ఫ్యూజరు గాని కారణం కావచ్చు.

ఇరుక్కున్న కాగితాన్ని తీయుట

ముందుగా విద్యుత్తు ఆపి, టోనరు కార్ట్రిడ్జిని బయటకు తీయవలెను. డ్రమ్ము వెలుతురుకు చెడిపోతుంది గనుక దానిని గుడ్డతో కప్పి ఉంచవలెను. దాని ఉపరితలాన్ని చేతితో తాకరాదు. ఫ్యూజరు చల్లారేవరకు ఆగవలెను, లేనిచో చేయి కాలే ప్రమాదం ఉంది. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకొని, వీలైనంతవరకు అది నడిచే దిశలోనే నెమ్మదిగా లాగవలెను. చిరిగితే ముక్కలను ప్రక్కప్రక్కన పేర్చి, ఏదైనా లోపల మిగిలినదేమో చూడవలెను. కత్తెర, స్క్రూడ్రైవరు వంటి పదునైన పరికరాలు వాడరాదు. అంటని టోనరు పొడి చేతులకైతే చన్నీటితోనే కడగవలెను, వేడినీటికి అది కరిగి అంటుకుంటుంది.

నివారణ

సాధారణ ముద్రణకు చదరపు మీటరుకు 75 నుండి 80 గ్రాముల బరువు గల కాగితం అనువైనది. కోస్తా ప్రాంతాలలో, వానాకాలంలో కాగితం త్వరగా తేమ పీలుస్తుంది. కనుక వాడే వరకు కట్టను విప్పకుండా ఉంచి, మిగిలిన దానిని మూసి భద్రపరచవలెను. ట్రేలో వేసేముందు కాగితాలను విసనకర్రవలె విప్పి, అంచులు సమం చేయవలెను. గైడ్లను కాగితానికి ఆనించవలెను గాని బిగించరాదు. గీత దాటి కాగితం నింపరాదు. రెండవవైపు ముద్రించుటకు ఒకసారి వేడి తగిలిన కాగితాన్ని చల్లార్చి, వంపు సరిచేసి వేయవలెను. పిన్నులు గల కాగితాలు డ్రమ్మును గీస్తాయి. లేజర్ ముద్రణకు తగని ప్లాస్టిక్ షీట్లు ఫ్యూజరులో కరిగి అతుక్కుంటాయి. అటువంటి నష్టానికి మరమ్మతు ఖర్చు ఎక్కువ కనుక వాటిని ఎన్నడూ వాడరాదు.