సీబ్‌లో సర్పంచ్ ఎవరు?

ఊళ్ళో వీధిలైటు వెలగకపోతే సర్పంచ్ గారింటికి పోతాం. సీబ్‌కి వచ్చిన కొత్తలో ఎవరినడగాలో మాకు తెలిసేది కాదు.

మస్కట్ గవర్నరేట్‌లోని ఆరు విలాయత్‌లలో సీబ్ ఒకటి. 2008కి ముందు వచ్చినవాళ్ళకి ఇది ఎయిర్‌పోర్టు పేరుగానే గుర్తు. విలాయత్‌కి పెద్ద వాలీ. రామాయణంలో వాలి కాదు లెండి, ప్రభుత్వం నియమించే అధికారి. ఊరి శుభ్రత, దుకాణాల లైసెన్సుల లాంటివి మస్కట్ మునిసిపాలిటీ చూస్తుంది. మునిసిపల్ కౌన్సిళ్ళకి 2012 డిసెంబరులో మొదటిసారి ఎన్నికలు జరిగాయి. 2022లోనైతే ఫోన్‌లో యాప్ ద్వారానే ఓటేశారు. ఓటు ఒమానీలకే; ఎన్నేళ్ళున్నా మనకుండదు.

కానీ మునిసిపాలిటీతో మనకు పని పడేది ఇంటి అద్దె దగ్గర. అగ్రిమెంటుని అక్కడ రిజిస్టరు చేయించాలి, ఆ బాధ్యత ఓనరుది. మాలో కొందరం అది తెలియక తెల్లకాగితం మీద సంతకాలతోనే ఏళ్ళు గడిపేశాం. అద్దె కాస్త తగ్గిందని సంతోషం కూడానూ! ఒకాయన్ని ఓనరు ఉన్నట్టుండి ఖాళీ చెయ్యమన్నాడు. రిజిస్టరు కాని కాగితం పట్టుకుని ఎక్కడికెళ్ళినా చెల్లదన్నారు. ఇద్దరు పిల్లలు, స్కూలు నడుస్తోంది. కొత్త ఇల్లు దొరికేదాకా వాళ్ళ సామానంతా మా హాల్లోనే ఉంది. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ళని మేం అడిగే మొదటి ప్రశ్న, అగ్రిమెంటు రిజిస్టరైందా అని.