కత్తిరించిన వీడియోను చదవడం మన పిల్లలకు నేర్పుతున్నామా?

వీధిలో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. మోటారు సైకిల్ మీద ఇద్దరు మనుషులు వస్తారు. ఒక పిల్లవాడిని ఎత్తి బండి మీద వేసుకొని వెళ్లిపోతారు. మిగిలిన పిల్లలు కేకలు వేస్తూ వెంట పరుగెత్తుతారు. అక్కడితో వీడియో ఆగిపోతుంది. 2018లో మన దేశంలో ఫోను నుంచి ఫోనుకు పాకిన ఈ వీడియో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాని కింద, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు మన ఊళ్లలోకి వచ్చాయి, జాగ్రత్త అని రాసి ఉండేది.

నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల విషయంలో తల్లిదండ్రులను మేలుకొలపడానికి ఒక స్వచ్ఛంద సంస్థ తీయించిన చిన్న చిత్రం. అసలు చిత్రంలో అదే బండి తిరిగి వస్తుంది. పిల్లవాడిని క్షేమంగా దింపుతారు. హెచ్చరిక రాసిన అట్టను కెమెరాకు చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించి పంపారు. అలాంటి వీడియోలు, ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు రేపిన భయంతో ఆ సంవత్సరం అనేక రాష్ట్రాల్లో గుంపులు ముక్కూమొహం తెలియని మనుషులను కొట్టి చంపాయి. మన తెలంగాణలోనూ ప్రాణాలు పోయాయి. ఆ జులైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా హద్దు పెట్టింది.

ఆ వీడియోను ముందుకు పంపినవారిలో చదువురానివారే ఉన్నారనుకుంటే పొరపాటు. డిగ్రీలు ఉన్నవారు, ఉద్యోగాలు చేసేవారు, పిల్లల మీద ప్రేమ ఉన్న తల్లులు కూడా పంపారు. వారికి అక్షరాలు చదవడం వచ్చు. వీడియోను చదవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఈ వారం మేము మాట్లాడదలచింది ఆ చదువు గురించే.

అక్షరం ఒక్కటే కాదు

అక్షరాస్యత అంటే చదవడం, రాయడం, లెక్క వేయడం అని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. అది తప్పు కాదు. అయితే మన దగ్గరకు వచ్చే కబురు ఇప్పుడు అక్షరాల రూపంలో మాత్రమే రావడం లేదు. బొమ్మ, మాట, సంగీతం, రంగు, ముఖకవళిక, అక్షరం అన్నీ కలిసి ఒకే తెర మీదికి వస్తున్నాయి. వీటిలో ఒక్కొక్కటి ఏం చెబుతోంది, అన్నీ కలిసి మనచేత ఏం నమ్మిస్తున్నాయి అని గ్రహించగలగడం, ఆ రూపాలన్నిటిలో తానూ నిజాయితీగా చెప్పగలగడం బహుమాధ్యమ అక్షరాస్యత. విద్యావేత్తలు మల్టీమోడల్ లిటరసీ అనేది దీన్నే. ఫోను, కంప్యూటరు, ఇంటర్నెట్ వాడుతూ సమాచారాన్ని వెతకడం, పరీక్షించడం, తనను తాను కాపాడుకోవడం డిజిటల్ అక్షరాస్యత. రెండూ అక్కచెల్లెళ్ల లాంటివి.

1994లో పదిమంది విద్యావేత్తలు అమెరికాలోని న్యూ లండన్ అనే పట్టణంలో కలుసుకొని, బడి చదువు అక్షరాల దగ్గరే ఆగిపోకూడదని చర్చించారు. వారి వ్యాసం 1996లో వెలువడింది. మాట, దృశ్యం, ధ్వని, హావభావం, స్థలం అనే ఐదు రూపాల్లోనూ, అవి కలిసే తీరులోనూ అర్థం పుడుతుందని వారు వివరించారు. మల్టీలిటరసీస్ అనే మాట అక్కడి నుంచే ప్రచారంలోకి వచ్చింది.

మాట కొత్తదే అయినా ఆలోచన చాలా పాతది. మొరావియా దేశస్థుడు, బ్రదరన్ సంఘపు బిషప్ అయిన జాన్ అమోస్ కొమేనియస్ 1658లో నూరెంబర్గ్‌లో పిల్లల కోసం ఒక బొమ్మల పాఠ్యపుస్తకం ప్రచురించాడు. దాని పేరు ఆర్బిస్ పిక్టస్. అందులో ప్రతి పాఠానికీ ఒక చెక్కబొమ్మ ఉంది. బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి, అవే అంకెలను లాటిన్, జర్మన్ వాక్యాల్లోని మాటల పక్కన వేశాడు. పిల్లవాడి కన్ను బొమ్మ నుంచి మాటకు, మాట నుంచి బొమ్మకు తిరుగుతుంది. మొదట్లో వచ్చే అక్షరమాలలో చాలా అక్షరాలకు ఒక్కొక్క ప్రాణి, దాని కూత ఉన్నాయి. చూపు, వినికిడి, మాట మూడింటినీ ఒకే పేజీలో కట్టినవాడు ఒక సంఘ కాపరి. యుద్ధాల వల్ల స్వదేశం విడిచి, 1656లో రాతప్రతులు అగ్నికి ఆహుతి కాగా చూసిన మనిషి పిల్లల కోసం చేసిన పని అది.

పాఠ్యపుస్తకంలోనే ఉన్న పని

ఈ చదువుకు ఖరీదైన పరికరాలు కావాలని కొందరు అనుకుంటారు. మీ ఇంట్లో పిల్లల సాంఘిక శాస్త్రం పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. ఒకే పాఠంలో పటం, పట్టిక, గ్రాఫు, ఫోటో, కార్టూన్ కనిపిస్తాయి. ఇప్పుడు క్యూఆర్ కోడ్ కూడా ఉంటోంది. దాన్ని స్కాన్ చేస్తే 2017లో కేంద్రం ప్రారంభించిన దీక్ష వేదికలోని వీడియో పాఠం వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లిషులో ఉండే పుస్తకాలు ఇచ్చారు. ఇవన్నీ బహుమాధ్యమ పఠనానికి సిద్ధంగా ఉన్న పొలాలే.

కానీ జరుగుతున్నదేమిటి? చాలా తరగతుల్లో పాఠం చదివి, ప్రశ్నలకు జవాబులు రాయించి ముందుకు పోతారు. బొమ్మ దగ్గర ఎవరూ ఆగరు. పరీక్షలో బొమ్మ గురించి అడగరు కాబట్టి పిల్లలూ ఆగరు. పటంలో ఉత్తరం ఎటు ఉంది, గ్రాఫులో నిలువు గీత సున్నా నుంచి మొదలైందా లేదా, ఫోటో తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు అని అడిగితే అక్కడే కొత్త చదువు మొదలవుతుంది. గ్రాఫు సున్నా నుంచి కాకుండా తొంభై నుంచి మొదలైతే చిన్న తేడా కొండంతగా కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిసిన పిల్లవాడు రేపు ఎన్నికల ప్రకటనలోని గ్రాఫును చూసి మోసపోడు.

ఉపాధ్యాయులు చేయగల మరొక పని చెబుతాము. ఒక వార్తా ఫోటోను, దాని కింది వాక్యం తీసేసి చూపించండి. ఏం కనిపిస్తోందో పిల్లలచేత చెప్పించండి. తర్వాత అదే ఫోటో కింద రెండు వేర్వేరు వాక్యాలు రాసి చూపించండి. ఫోటోలో సగాన్ని అట్టముక్కతో కప్పి, మళ్లీ తీయండి. ఒక వీడియోను మొదట శబ్దం లేకుండా, తర్వాత శబ్దంతో చూపించి, భయం ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి. దృశ్యం నుంచి కాదు, వెనుక వేసిన సంగీతం నుంచి వచ్చిందని పిల్లలే కనిపెడతారు. చివరి వీడియో పాఠానికి తప్ప వీటికి కరెంటు కూడా అక్కర్లేదు.

ఫోను వాడడం వస్తే చాలా?

మనలో చాలామంది తల్లిదండ్రులు, మా వాడికి ఫోనంతా తెలుసు అని మురిసిపోతారు. 2025 జనవరిలో వెలువడిన అసర్ నివేదిక ఈ విషయంలో మన కళ్లు తెరిపిస్తుంది. గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోను వాడడం వచ్చని చెప్పారు. వారిలో ముందు వారం రోజుల్లో చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. సోషల్ మీడియా వాడే పిల్లల్లో, ఇబ్బంది పెట్టే ఖాతాను బ్లాక్ చేయడం లేదా రిపోర్టు చేయడం తెలిసినవారు 62 శాతమే. తన ఖాతాను అందరికీ కనపడకుండా పెట్టుకోవడం తెలిసినవారు 55 శాతం. అంటే రోడ్డు మీదికి బండి తెచ్చిన పిల్లల్లో సుమారు సగం మందికి బ్రేకు ఎక్కడుందో తెలియదన్నమాట.

ఫోను వాడడం తెలిసిన ఆ వయసు పిల్లల్లో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు 36 శాతం, అమ్మాయిలు 27 శాతం. ఆడపిల్లకు ఫోను ఇవ్వకపోవడమే రక్షణ అని మనం అనుకుంటాం. రేపు పై చదువుకో, ఉద్యోగానికో వెళ్లినప్పుడు ఆమె చేతికి ఫోను వచ్చే తీరుతుంది. అప్పుడు నేర్పడానికి పక్కన ఎవరుంటారు? దాచిపెట్టడం కంటే పక్కన కూర్చుని నేర్పడమే ఆమెకు రక్షణ.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. 2023 అసర్ సర్వేలో 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువతలో దాదాపు నాలుగో వంతు మంది, తమ సొంత భాషలో రెండో తరగతి పాఠాన్ని ధారాళంగా చదవలేకపోయారు. అక్షరం రానిచోట తెర వచ్చి చదువు చెప్పదు. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు వచ్చాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. పరికరం ఇల్లు చేరడం మంచిదే. అయితే అది గురువుకు సాయమే గాని గురువు కాదు.

కాగితమా, తెరా అని అడిగేవారికి కూడా సమాధానం ఉంది. ఒక లక్షా డెబ్భై వేల మందికి పైగా పాల్గొన్న 54 పరిశోధనలను కలిపి 2018లో సమీక్షించారు. ఒకే పాఠాన్ని కాగితం మీద చదివినవారికి తెర మీద చదివినవారికంటే బాగా అర్థమైందని తేలింది. ముఖ్యంగా సమాచార పాఠాల్లో, సమయం తక్కువున్నప్పుడు ఈ తేడా కనిపించింది. కాబట్టి నిదానంగా చదవవలసిన పాఠం పుస్తకంలో, కదలికతో అర్థమయ్యే పాఠం తెర మీద నేర్పడం మేలు. గుండె ఎలా కొట్టుకుంటుందో వీడియో చూపించాలి. గుండె గురించిన పాఠం మాత్రం పుస్తకంలో చదివించాలి.

పేజీ వదిలి బయటికి వెళ్లడం

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన ఒక పరిశీలన అందరికీ పనికొస్తుంది. పదిమంది చరిత్రకారులు, పదిమంది ఫ్యాక్ట్ చెకర్లు, 25 మంది విద్యార్థులకు కొన్ని వెబ్‌సైట్లు చూపించి, నమ్మదగినవో కాదో చెప్పమన్నారు. పెద్ద చదువులు చదివిన చరిత్రకారులు, విద్యార్థులు ఆ పేజీనే పైనుంచి కిందికి చదివారు. అందమైన లోగో, గంభీరమైన పేరు చూసి చాలామంది మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం ఆ పేజీని వెంటనే వదిలి, దీన్ని నడిపేవారు ఎవరు, వీరి గురించి ఇతరులు ఏమంటున్నారు అని వేరేచోట వెతికారు. వారే త్వరగా, సరిగ్గా తేల్చారు. మనం పెళ్లి సంబంధం వచ్చినప్పుడు చేసేది ఇదే కదా! వాళ్లు చెప్పింది విని ఊరుకోకుండా ఆ ఊళ్లో నలుగురిని విచారిస్తాం.

దీన్ని బడిలో నేర్పవచ్చని కేరళలోని కన్నూర్ జిల్లా 2018లోనే చూపించింది. టీకాల మీద వచ్చిన వదంతులతో తల్లిదండ్రులు వెనకాడడం చూసిన జిల్లా యంత్రాంగం, ప్రభుత్వ బడుల్లో అబద్ధపు కబుర్లను గుర్తుపట్టే పాఠాలు మొదలుపెట్టింది. అదే ఏడాది మన జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి, పోలీసులను ఊరూరికీ పంపి, జానపద గాయకుల పాటలతో, డప్పుతో వదంతుల గురించి చెప్పించారు. చదువురానివారికి కూడా డిజిటల్ అక్షరాస్యత చేరింది. పాట ద్వారా చేరింది.

మన ఇంట్లో, మన సంఘంలో

బడి చేయవలసింది బడి చేయాలి. మనం చేయవలసిందీ ఉంది. మన సంఘపు గ్రూపుల్లో వచ్చే ఫార్వర్డ్‌లలో అన్నీ నిజమేనా? ఎక్కడో ఎప్పుడో జరిగిన దాడి ఫోటో నిన్నటిదిగా వస్తుంది. కాపరి గారి ఫోటో పెట్టుకొని డబ్బు అడిగే నకిలీ ఖాతా వస్తుంది. పంపింది పెద్దలు కాబట్టి అడగడానికి మొహమాటపడతాం. పిల్లలు మన మొహమాటాన్నే నేర్చుకుంటారు. అన్నా, ఇది ఎక్కడిది, ఎప్పటిది అని వినయంగా అడగడం అవమానం కాదు. పొరపాటున పంపినది అబద్ధమని తెలిస్తే, అదే గ్రూపులో ఒప్పుకొని సరిదిద్దడం పిల్లలకు గొప్ప పాఠం.

సండేస్కూల్ టీచర్లకు ఒక మనవి. తెర మీద పాఠం చూపేటప్పుడు కథకు సంబంధం లేని మెరుపులు, కదిలే పూలు పెట్టకండి. సంబంధమున్న బొమ్మ జ్ఞాపకానికి సాయపడుతుందని, సంబంధంలేని అలంకారం దృష్టిని చెదరగొడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అప్పుడప్పుడు పిల్లల చేతికే పని ఇవ్వండి. ఒక కథను ఒక గుంపు బొమ్మగా, ఒక గుంపు పాటగా, ఒక గుంపు నాటికగా చేయనివ్వండి. ఏ రూపంలో ఏది పోయింది, ఏది కలిసింది అని తర్వాత మాట్లాడుకోండి. తానే ఒక వీడియో తీసి, ఏ ముక్క ఉంచాలో ఏది కత్తిరించాలో నిర్ణయించిన పిల్లవాడికి, ఇతరుల వీడియోలో ఏదో కత్తిరించి ఉండవచ్చన్న అనుమానం దానంతట అదే వస్తుంది.

చదువుకోని తల్లులు కూడా ఈ పని చేయగలరు. రాత్రి భోజనం దగ్గర, ఈ రోజు ఫోనులో ఏం చూశావు నాన్నా, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారనుకుంటున్నావు అని అడిగితే చాలు. ఆ మూడు ప్రశ్నలకు అలవాటుపడిన పిల్లవాడు, మోటారు సైకిల్ మీద పిల్లవాడిని ఎత్తుకుపోయే వీడియో చూసినప్పుడు, తర్వాత ఏం జరిగిందమ్మా అని అడుగుతాడు. 2018లో ఆ ప్రశ్న మరింతమంది అడిగి ఉంటే కొందరు ఈ రోజు తమ ఇళ్లలో ఉండేవారు.