హార్మోన్ మందు మారినపుడు రక్తస్రావం - ఎంతకాలం వేచి చూడవచ్చు?

ముట్లుడిగిన తరువాత మళ్లీ ఎరుపు కనిపించడం ఏ స్త్రీకైనా ఆందోళన కలిగించే విషయం. హార్మోన్ మందులు వాడుతున్న మహిళల్లో, అందునా ఒక రకం మందు నుంచి మరొక రకానికి మారిన తొలి నెలల్లో, ఇటువంటి రక్తస్రావం తరచుగా కనిపిస్తుంది. శరీరం కొత్త మందుకు అలవాటుపడే క్రమంలో వచ్చేదే ఇందులో అధికభాగం. అయితే గర్భాశయ లోపలి పొరకు వచ్చే క్యాన్సర్ కూడా మొదట బయటపడేది రక్తస్రావం రూపంలోనే. అందుచేత వైద్యులు మొట్టమొదట అడిగే ప్రశ్న మందు ఏ తేదీన మార్చారన్నదే. ఆ తేదీ చెప్పలేని వారే ఎక్కువ.

వరుసగా 12 నెలల పాటు నెలసరి రాకపోతే దానిని రుతువిరతిగా, అంటే మెనోపాజ్‌గా పరిగణిస్తారు. భారతీయ స్త్రీలలో ఇది సగటున 46, 47 ఏళ్ల ప్రాంతంలో సంభవిస్తున్నది. ఒంట్లో ఆవిర్లు, రాత్రివేళ చెమటలు, నిద్రలేమి భరించరానివిగా ఉన్నవారికి వైద్యులు హార్మోన్ చికిత్సను సూచిస్తారు. అండాశయాలను చిన్న వయసులోనే తొలగించిన వారికి ఎముకల, గుండె రక్షణ కోసం కూడా దీని అవసరం ఏర్పడుతుంది.

ఈ చికిత్సలో ప్రధానమైన మందు ఈస్ట్రోజన్. ఆవిర్లను తగ్గించేది ఇదే. కాని దీనిని ఒంటరిగా వాడితే గర్భాశయ లోపలి పొర అదుపు లేకుండా పెరిగి, కాలక్రమంలో క్యాన్సర్‌కు దారితీసే ప్రమాదమున్నది. ఆ పెరుగుదలను అడ్డుకోవడానికే గర్భసంచి ఉన్న స్త్రీలకు ప్రొజెస్టిరాన్‌ను కూడా జతచేస్తారు. ఆవిర్లు తగ్గాయి కదా అని రెండవ మాత్రను మానివేయడం మన ఇళ్లలో జరిగే పొరపాటు. ఇది చాలా ప్రమాదకరం.

ప్రొజెస్టిరాన్‌ను ఇచ్చే పద్ధతిని బట్టి చికిత్స రెండు రకాలు. మొదటి దానిలో ఈస్ట్రోజన్‌ను ప్రతిరోజూ, ప్రొజెస్టిరాన్‌ను నెలలో 12 నుంచి 14 రోజులు మాత్రమే వాడతారు. ప్రొజెస్టిరాన్ ఆపగానే పొర ఊడి, నెలసరి వలె స్రావమవుతుంది. ముట్లు ఇంకా పూర్తిగా ఆగని దశలో ఈ పద్ధతిని ఎంచుకుంటారు. రెండవ దానిలో రెండు హార్మోన్లను ప్రతిరోజూ విరామం లేకుండా ఇస్తారు. పొర పలుచబడి, క్రమంగా రక్తస్రావం పూర్తిగా నిలిచిపోతుంది. చివరి ముట్టు వచ్చి ఏడాది గడిచిన వారికి సాధారణంగా ఈ పద్ధతే అనుకూలం.

మొదటి పద్ధతి నుంచి రెండవ దానికి మారేటప్పుడే తికమక ఎక్కువ. ఇకపై ముట్టు రాదని డాక్టరు చెప్పి పంపుతారు. రెండు మూడు వారాలకే చుక్కలు చుక్కలుగా, వేళాపాళా లేకుండా మరకలు కనిపిస్తాయి. అంతవరకు నెలనెలా పెరిగి ఊడిన పొర, ఇప్పుడు ప్రతిరోజూ అందే ప్రొజెస్టిరాన్ వలన పలుచబడుతూ ఉంటుంది. అందులోని సన్నని రక్తనాళాలు పెళుసుబారి అక్కడక్కడ చిట్లుతాయి. పొర పూర్తిగా పలుచబడితే మరకలు వాటంతటవే ఆగిపోతాయి. పాత పద్ధతిలోని నెలసరి స్రావం ముగిసిన వెంటనే కొత్త మందును ప్రారంభించమని వైద్యులు చెప్పడానికి కారణం కూడా ఇదే. అప్పటికి ఊడవలసిన పొర చాలావరకు ఊడిపోయి ఉంటుంది.

ఇందుకు భిన్నంగా రెండవ పద్ధతి నుంచి మొదటి దానికి మారితే, ఆగిన నెలసరి తిరిగి మొదలవుతుంది. ముందుగా చెప్పకపోతే మనిషి హడలిపోతుంది గాని, అది ఆశించిన స్రావమే. మాత్ర నుంచి చర్మంపై అతికించే పట్టీకో, జెల్‌కో మారినపుడు మందు ఒంట్లోకి చేరే తీరు మారి కొన్నాళ్లు మరకలు రావచ్చు. వేసవి చెమటకు పట్టీ ఊడిపోవడం, మాత్రలు మధ్యలో మరచిపోవడం కూడా కారణాలే. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ మందులు హార్మోన్ల ప్రభావాన్ని తగ్గిస్తాయి కనుక వాటి సంగతి వైద్యునికి తప్పక చెప్పవలసి ఉంటుంది.

ఇక గడువు విషయం. చికిత్సను కొత్తగా ప్రారంభించిన వారిలో మొదటి 6 నెలలు, మందునో మోతాదునో మార్చిన వారిలో మొదటి 3 నెలలు స్వల్పంగా మరకలు కనిపించడం సాధారణమని వైద్య మార్గదర్శకాలు పేర్కొంటున్నాయి. ఆ గడువు దాటినా ఆగకపోయినా, కొన్ని నెలలు పూర్తిగా ఆగి మళ్లీ మొదలైనా పరీక్ష అవసరం. స్రావం అధికంగా ఉన్నా, కళ్లు తిరుగుతున్నా, కలయిక తరువాత రక్తం కనిపించినా, దుర్వాసనతో కూడిన స్రావమున్నా గడువు లోపలే ఆసుపత్రికి వెళ్లాలి. స్థూలకాయం, మధుమేహం ఉన్నవారు, కుటుంబంలో గర్భాశయ లేదా పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవారు కూడా వేచి ఉండరాదు. హార్మోన్ మందులేవీ వాడని స్త్రీకి రుతువిరతి తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా ఈ గడువులేవీ వర్తించవు, వెంటనే చూపించుకోవలసిందే.

పరీక్షలకు భయపడవలసిన పని లేదు. వైద్యురాలు ముందుగా గర్భాశయ ముఖద్వారాన్ని పరిశీలిస్తారు. తరువాత యోని ద్వారా చేసే స్కానింగ్‌లో లోపలి పొర మందాన్ని కొలుస్తారు. రెండు హార్మోన్లు రోజూ వాడేవారిలో అది 4 మిల్లీమీటర్లకు, నెలనెలా స్రావమయ్యే పద్ధతిలో 7 మిల్లీమీటర్లకు మించకపోతే సాధారణంగా ఆందోళన అక్కరలేదు. మించితే పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. రుతువిరతి తరువాతి రక్తస్రావంతో వచ్చే స్త్రీలలో క్యాన్సర్ బయటపడేది సుమారు పదిమందిలో ఒకరికి మాత్రమే. పొర పలుచబారడం, పాలిప్‌లు మిగిలినవారిలో తరచుగా కనిపించే కారణాలు. క్యాన్సర్ తొలిదశలోనే తెలిస్తే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ.

పరీక్ష ఫలితం రాకముందే గర్భసంచి తీయించుకోవడం మరో సమస్య. పల్లెల్లో పెద్ద ఆపరేషన్‌గా పిలిచే ఈ శస్త్రచికిత్స జరిగినవారు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. అనవసర గర్భాశయ తొలగింపుల నివారణకు కేంద్ర ఆరోగ్య శాఖ రూపొందించిన మార్గదర్శకాలను అమలు చేయవలసిందిగా 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మందు మార్పు వలన వచ్చిన మరకలకు మోతాదు సవరణ, ప్రొజెస్టిరాన్ రకం మార్పు, గర్భాశయంలో అమర్చే హార్మోన్ పరికరం వంటి మార్గాలున్నాయి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత, కొత్త మందుల అట్టలు, మార్చిన తేదీ, మరకలు కనిపించిన రోజులు గుర్తుపెట్టిన క్యాలెండరు వెంట తీసుకువెళ్లాలి. ఎంత స్రావమయిందో, ఎన్ని గుడ్డలు లేదా ప్యాడ్లు మార్చవలసి వచ్చిందో కూడా అందులోనే రాసుకొంటే వైద్యురాలికి సగం పని తగ్గుతుంది.