చెరకు రవాణా ట్రాక్టర్లలో మాడు వాసన: కారణాల గుర్తింపు, సవరణ

నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతంలో చెరకు సాగు నిజాంసాగర్ కాలువ నీటితోను, 1937లో శక్కర్‌నగర్‌లో ఏర్పడిన నిజాం చక్కెర కర్మాగారంతోను పెనవేసుకొని విస్తరించింది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడిన తరువాత మిగిలిన చెరకును దూరపు కర్మాగారాలకు తరలించవలసి వస్తున్నది. దూరం పెరిగినకొద్దీ ట్రాక్టరు ఇంజిన్‌పైన, క్లచ్‌పైన భారం పెరుగుతుంది. నరికిన చెరకులోని సుక్రోజ్ క్రమంగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది, నీరు ఆవిరై తూకమూ తగ్గుతుంది. అందువలననే నరికిన 24 గంటలలోపు చెరకును గానుగాడించాలని సిఫారసు చేస్తారు. దారిలో ట్రాక్టరు ఆగిపోతే ఆ నష్టం రైతుదే. ఎండుటాకు నిండిన ట్రాలీకి నిప్పంటుకుంటే పంట, యంత్రం, ప్రాణం మూడూ ప్రమాదంలో పడతాయి. ఈ రెండింటికీ ముందుగా అందే హెచ్చరిక చాలాసార్లు మాడు వాసనే.

వెంటనే చేయవలసిన పని

వాసన తగిలినప్పుడు ఉష్ణోగ్రత, ఆయిల్ ఒత్తిడి సూచికలను గమనిస్తూ బండిని రోడ్డు పక్కన, ఎండుగడ్డి లేని చోట నిలిపి ఇంజిన్ ఆపాలి. పొగ కనిపిస్తే బానెట్‌ను ఒక్కసారిగా ఎత్తరాదు. లోనికి గాలి చొరబడి నిప్పు రాజుకుంటుంది. మంట లేదని నిర్ధారించుకున్న తరువాతనే పరీక్ష మొదలుపెట్టాలి. వాసన ఏ రకమైనది, ఎక్కడ నుండి వస్తున్నది, ఏ పని చేస్తున్నప్పుడు వచ్చింది అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరికితే కారణం చాలావరకు తేలిపోతుంది.

క్లచ్ ప్లేటు

కాగితం మాడినట్టి ఘాటైన వాసన, ఎత్తు ఎక్కేటప్పుడు లేదా తడి పొలం నుండి నిండు ట్రాలీని లాగేటప్పుడు వస్తే అది క్లచ్ ప్లేటుదే కావచ్చు. ఇంజిన్ వేగం పెరిగినా బండి వేగం పెరగకపోవడం దీనికి తోడైన లక్షణం.

క్లచ్ పెడల్‌కు కొంత ఖాళీ కదలిక ఉండాలి. ప్లేటు అరిగినకొద్దీ ఆ కదలిక తగ్గుతుంది. అది పూర్తిగా పోయినప్పుడు విడుదల బేరింగ్ ఎల్లప్పుడూ నొక్కుకొనే ఉంటుంది. ప్లేటు గట్టిగా పట్టక జారుతుంది, జారుడు వలన వేడి పుడుతుంది, వేడి వలన అరుగుదల మరింత పెరుగుతుంది. పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు కూడా ఇదే ఫలితాన్నిస్తుంది.

పరీక్షకు ట్రాలీని విప్పి, చదునైన చోట చక్రాలకు అడ్డురాళ్లు పెట్టి, ముందూ వెనుకా ఎవరూ లేరని చూసుకోవాలి. బ్రేకు గట్టిగా వేసి, పై గేరులో క్లచ్‌ను మెల్లగా వదలాలి. ఇంజిన్ ఆగిపోతే క్లచ్ పట్టు సరిగానే ఉన్నట్టు, ఆగకుండా తిరుగుతూ ఉంటే ప్లేటు జారుతున్నట్టు. ఈ పరీక్షను పదేపదే చేయరాదు, పరీక్షే ప్లేటును మాడ్చగలదు. ఖాళీ కదలికను తయారీదారు పుస్తకంలో చెప్పిన కొలతకు సరిచేసినా జారుడు తగ్గకపోతే ప్లేటు మార్చాలి. ప్లేటుపై ఆయిల్ తడి కనిపిస్తే ముందు ఆయిల్ సీలును మార్చాలి, లేనిచో కొత్త ప్లేటూ పాడవుతుంది.

ఆయిల్, బెల్టు, కూలెంట్

ఇంజిన్ పైభాగం నుండి కమురు వాసన, పలుచని నీలిపొగ వస్తే ఆయిల్ కారి వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌పై పడుతున్నట్లు భావించాలి. ట్యాపెట్ కవరు గ్యాస్కెట్, ఆయిల్ ఫిల్టరు, వాటి బోల్టులను చూడాలి. ఆయిల్ మార్చేటప్పుడు ఒలికినదైతే తుడిచిన కొద్దిసేపటికే వాసన పోతుంది. మళ్లీ మళ్లీ వస్తే కారుతున్న గ్యాస్కెట్‌ను మార్చవలసిందే.

రబ్బరు మాడిన వాసనతో కీచుమనే శబ్దం కలిస్తే ఫ్యాన్ బెల్టును పరిశీలించాలి. బెల్టు వదులైనా, ఆల్టర్నేటర్ లేదా నీటి పంపు బేరింగ్ పట్టేసినా ఇలా జరుగుతుంది. ఇంజిన్ ఆపి కప్పీలను చేతితో తిప్పిచూస్తే తేడా తెలుస్తుంది.

తీపి కలిసిన వాసన కూలెంట్ కారుటకు గుర్తు. వేడిగా ఉన్న రేడియేటర్ మూతను ఎట్టి పరిస్థితిలోను తీయరాదు. ఒత్తిడిలో ఉన్న వేడినీరు ఎగజిమ్మి తీవ్రమైన కాలిన గాయాలు చేస్తుంది. రేడియేటర్ రెక్కల మధ్య ఇరుకున్న పొట్టును, ఆకుముక్కలను ఇంజిన్ చల్లారిన తరువాత తొలగించాలి.

వైరింగ్

ప్లాస్టిక్ మాడిన వాసన అన్నిటికంటే తొందరపెట్టవలసిన లక్షణం. వెంటనే తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ తీగను విప్పాలి. రాత్రి రవాణాకు అదనపు దీపాలను, టేప్ రికార్డరును ఫ్యూజు లేకుండా కలపడం ఇటువంటి లోపానికి సాధారణ కారణం. కాలిపోయిన ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టినచో లోపం తొలగదు. ఫ్యూజుకు బదులు వైరింగ్ అంతా కాలుతుంది.

ఎండుటాకు, వరిగడ్డి

ఆకు మాడిన వాసనకు ఇంజిన్ లోపం కారణం కాకపోవచ్చు. చెరకు ఆకు సైలెన్సర్‌పైన, మానిఫోల్డ్ సందులలోను పేరుకొంటుంది. ప్రతి లోడుకు ముందు ఆ భాగాన్ని శుభ్రపరచాలి. పొలాలను సందర్శించే విస్తరణ సిబ్బంది కార్లకూ ఈ ముప్పు ఉన్నది. కారు అడుగున ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ కొన్ని వందల డిగ్రీల వరకు వేడెక్కుతుంది. రోడ్డుపై పరచిన గడ్డి మీదుగా నడిపిన తరువాత అడుగుభాగాన్ని చూడాలి. గడ్డిపై కారును నిలపరాదు. బండి నడిచిన తరువాత ఒక్క చక్రం మాత్రమే అధికంగా వేడిగా ఉంటే బ్రేకు వదలడం లేదని గ్రహించాలి.

డీజిల్ మంటపై నీరు చల్లరాదు. పొడి రసాయన అగ్నిమాపక సిలిండరు ప్రతి రవాణా ట్రాక్టరులో ఉండాలి. చెరకు నరుకుడు మొదలయ్యే ముందే గ్రామస్థాయిలో క్లచ్ కదలిక, బెల్టు, ఆయిల్ జాడలు, వైరింగ్, సైలెన్సర్ పరిసరాలు అనే ఐదు అంశాల తనిఖీని డ్రైవర్లచే స్వయంగా చేయించడం విస్తరణ కార్యక్రమాలలో చేర్చదగినది. యజమాని కంటే డ్రైవరుకే వాసన ముందు తెలుస్తుంది. కనుక బండి ఆపే నిర్ణయం అతడిదిగా ఉండాలని శిక్షణలో యజమానులకు స్పష్టం చేయాలి.