ఒళ్ళో గిటార్, చేతిలో స్టీల్ కడ్డీ

గిటార్ అనగానే మన కళ్ళ ముందుకొచ్చే బొమ్మ ఒకటే. భుజానికి పట్టీ, మెడ కింద నుంచి చుట్టుకుని తీగల్ని నొక్కే ఎడమ చేతి వేళ్ళు. ల్యాప్ స్టీల్‌లో ఈ బొమ్మ మొత్తం తిరగబడుతుంది. గిటార్‌ని తీగలు పైకి ఉండేలా ఒళ్ళో పడుకోబెడతాం. ఎడమ చేయి పై నుంచి వస్తుంది. ఆ చేతిలో నున్నటి, బరువైన స్టీల్ కడ్డీ ఉంటుంది. వాయించేవాళ్ళు దాన్ని బార్ అంటారు. బార్‌ని తీగల మీద ఆనిస్తామే తప్ప తీగని చెక్కకి తగిలేలా నొక్కం. ఫ్రెట్లు ఉంటాయి గానీ అవి ఉత్త గీతలు. మామూలు గిటార్‌లో వేలు ఫ్రెట్‌కి కాస్త వెనక పడినా స్వరం కరెక్ట్‌గానే పలుకుతుంది, ఎందుకంటే తీగ ఎక్కడ ఆగాలో ఆ లోహపు ఫ్రెట్టే చూసుకుంటుంది. ఇక్కడ ఆ సేఫ్టీ లేదు. బార్ ఎక్కడుంటే అదే స్వరం.

ఈ ఒక్క తేడా వల్ల వాయించే పద్ధతి మారిపోతుంది. అంతేకాదు, వాయించేవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే పద్ధతి కూడా మారాలని నా అభిప్రాయం. మొదటిదాని గురించి వీడియోలు బోలెడున్నాయి. రెండోదాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. అందుకే రెండూ కలిపి రాస్తున్నా.

ముందు కాస్త చరిత్ర. ఈ వాయిద్యం హవాయి దీవుల్లో పుట్టింది. 1874లో ఓహు దీవిలోని లాయియె ఊళ్ళో పుట్టిన జోసెఫ్ కెకుకు, 1880ల్లో స్కూలు కుర్రాడిగా ఉన్నప్పుడే ఈ పద్ధతి కనిపెట్టాడని ఎక్కువమంది ఒప్పుకుంటారు. రైలు పట్టాల పక్కన దొరికిన బోల్టు తీగలకి తగిలి వింత శబ్దం వచ్చిందని ఒక కథ. తర్వాత దువ్వెన, కత్తి లాంటివి ప్రయత్నించి, చివరికి స్టీల్ ముక్క దగ్గర ఆగాడట. హవాయి రాణిని 1893లో గద్దె దించారు, 1898లో ఆ దీవుల్ని అమెరికా కలిపేసుకుంది. పాట మాత్రం ఎదురు దిశలో దండయాత్ర చేసింది. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్ తర్వాత అమెరికా అంతా హవాయి సంగీతం పిచ్చి పట్టుకుంది. బ్యాండ్లలో ఈ మెత్తటి శబ్దం వినపడట్లేదని దానికి కరెంటు పెట్టారు. అలా 1932లో మార్కెట్‌లోకి వచ్చిన రికెన్‌బాకర్ 'ఫ్రైయింగ్ పాన్' ఒళ్ళో పెట్టుకునే గిటారే. అంటే జనం కొనుక్కున్న తొలి ఎలక్ట్రిక్ గిటార్ రాక్ స్టార్లది కాదు, ల్యాప్ స్టీల్! నాకు ఈ విషయం తెలిసిన రోజు కనీసం ఐదుగురికి చెప్పి ఉంటా.

మన దేశానికి ఇది 'హవాయియన్ గిటార్' పేరుతోనే వచ్చింది. హవాయిలో పెరిగిన టౌ మో 1940ల్లో కుటుంబంతో కలకత్తాలో ఉండి వాయించాడు. ఆ ఊళ్ళో ఇది బాగా పాతుకుపోయింది. తర్వాత బ్రిజ్ భూషణ్ కాబ్రా దీని మీద రాగాలు వాయించాడు. 1967 నాటి 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' ఆల్బమ్‌లో సంతూర్, వేణువులతో పాటు వినిపించే గిటార్ ఆయనదే. అయినా తీగ మీద కడ్డీ జార్చడం మన చెవులకి కొత్తేం కాదు. కర్ణాటక సంగీతంలో గోటువాద్యం ఉంది కదా, ఇప్పుడు చిత్రవీణ అంటున్నారు. వీణకి ఉండే మెట్లు దానికి ఉండవు. జారు గమకం విన్నవాళ్ళకి ల్యాప్ స్టీల్ సగం అర్థమైనట్టే.

ఇక టెక్నిక్. మన సీఎస్ వాళ్ళకి నచ్చే లెక్కతో మొదలుపెడతా. చాలా ల్యాప్ స్టీళ్ళలో తీగ పొడవు 22.5 అంగుళాలు, అంటే దాదాపు 571 మి.మీ. ఒక్కో ఫ్రెట్ పైకెళ్ళే కొద్దీ పలికే పొడవు సుమారు 1.0595 వంతున తగ్గుతుంది. దీని వల్ల మొదటి ఫ్రెట్ వెడల్పు 32 మి.మీ. ఉంటే, 12వ ఫ్రెట్ దగ్గరికొచ్చేసరికి 17 మి.మీ. అయిపోతుంది. పక్కపక్క ఫ్రెట్ల మధ్య దూరాన్ని సంగీతంలో 100 సెంట్లుగా కొలుస్తారు. కాబట్టి బార్ 1 మి.మీ. పక్కకి జరిగితే కింద 3 సెంట్లు తప్పుతుంది, 12వ ఫ్రెట్ దగ్గర 6 సెంట్లు, 24 దగ్గర 12 సెంట్లు. పైకి వెళ్ళేకొద్దీ అదే చేయి, అదే తప్పు, కానీ శిక్ష డబుల్.

అసలు చిక్కు చేతిలో కంటే కంటిలో ఎక్కువ. తీగలు గీతల కన్నా ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తు 8 మి.మీ. అనుకుందాం. మీరు నిటారుగా కాకుండా 20 డిగ్రీల పక్క నుంచి చూస్తే, బార్ సరిగ్గా గీత మీదే ఉన్నట్టు కనిపిస్తూ నిజానికి దాదాపు 3 మి.మీ. పక్కన ఉంటుంది. 12వ ఫ్రెట్ దగ్గర అది 17, 18 సెంట్ల తేడా. ఎవరికైనా వినపడుతుంది. బస్సులో పక్క సీట్లోంచి స్పీడోమీటర్ చూస్తే ముల్లు వేరే అంకె మీద కనిపిస్తుందే, అదే గొడవ. అందుకే తల బార్‌కి సరిగ్గా పైన ఉండాలి, బార్ ఫ్రెట్ వెనక కాకుండా గీత మీదే ఉండాలి.

బార్‌ని గట్టిగా నొక్కకూడదు. దాని బరువే చాలు. నొక్కితే తీగ సాగి స్వరం పైకి పోతుంది, ఒక్కోసారి ఫ్రెట్‌కి తగిలి గరగరమంటుంది. బొటనవేలు, మధ్యవేలు రెండు పక్కలా, చూపుడువేలు పైన. మిగిలిన రెండు వేళ్ళు ఖాళీగా ఉన్నాయని గాల్లో తేలుతుంటాయి చాలామందికి. వాటిని బార్ వెనక తీగల మీద మెత్తగా పరచాలి. ఎందుకంటే తీగ బార్‌కి ముందు మాత్రమే కాదు, వెనక కూడా మోగుతుంది. ఆ వెనక మోత పాటకి సంబంధం లేని శబ్దం. కుడి చేతికీ ఇలాంటి పనే ఉంది. ఒక స్వరం అయిపోగానే అరచేతి అంచుతోనో, పిక్ పెట్టుకున్న వేలితోనో తీగని ఆపాలి. దీన్ని బ్లాకింగ్ అంటారు. ఆపకుండా జార్చుకుంటూ పోతే ప్రతి స్వరం పక్కదానిలోకి కారిపోయి మొత్తం పాట అంబులెన్స్ సైరన్‌లా ఉంటుంది. నిజం చెప్పాలంటే మొదటి రెండు నెలల ప్రాక్టీస్‌లో మోగించడం కంటే ఆపడమే ఎక్కువ.

వైబ్రాటో గురించి ఒక్క మాట. స్వరం పలికిన తర్వాత, దాన్ని మధ్యలో పెట్టుకుని అటూ ఇటూ సమానంగా ఊపాలి. స్వరం దొరక్క వెతుక్కునే ఊపు వేరుగా వినపడుతుంది, దాచలేం.

ట్యూనింగ్ మాత్రం కొంచెం విడమరిచి చెప్పాలి. బార్ తిన్నని కడ్డీ కాబట్టి మామూలు గిటార్ కార్డులు ఇక్కడ పట్టలేం. బార్ కింద ఏ స్వరాలు కలిసి మోగాలో తీగలు బిగించేటప్పుడే తేలిపోతుంది. డేటా స్ట్రక్చర్ తప్పుగా ఎంచుకుంటే తర్వాత ఎంత కోడ్ రాసినా ఏడుపే కదా, అలాంటిదే. బాగా వాడేవాటిలో సి6 ఒకటి. లావు తీగ నుంచి సి, ఇ, జి, ఎ, సి, ఇ. దీని అందం ఏంటంటే పైన రెండు తీగల మధ్య నాలుగు ఫ్రెట్ల దూరం, వాటి కిందున్న జతలో మూడు. బార్ వంచకుండానే రెండు రకాల జంట స్వరాలూ దొరుకుతాయి. ఇంకేదైనా కావాలంటే బార్‌ని ఏటవాలుగా పట్టుకోవాలి, దాన్ని స్లాంట్ అంటారు. అది చూడ్డానికి బాగుంటుంది, శ్రుతిలో పెట్టడానికి మాత్రం నరకం.

ఇక్కడే మర్యాద సంగతి మొదలవుతుంది. ట్యూనర్ యాప్ చూపించే 'కరెక్ట్' స్వరాలు 12 సమాన భాగాలు చేసిన లెక్క. ఆ లెక్కలో మేజర్ థర్డ్ అనే దూరం 400 సెంట్లు. కానీ తీగలు సహజంగా కలిసిపోయి గాలిలో అలలు ఆగిపోయే దూరం సుమారు 386. ల్యాప్ స్టీల్‌లో తీగలన్నీ కలిపి మోగిస్తాం కాబట్టి ఆ 14 సెంట్ల తేడా ప్రతి ఫ్రెట్‌లోనూ చెవిలో గుచ్చుకుంటుంది. అందుకే చాలామంది సి6లో ఇ తీగల్ని, ఓపెన్ డిలో ఎఫ్ షార్ప్ తీగని కావాలనే కొంచెం దించుతారు. పక్కన కీబోర్డ్ ఉంటే అంత దించరు. అంటే యాప్‌లో ముల్లు ఎడమకి ఉంటే అది తప్పు కాకపోవచ్చు.

నేనున్న చిన్న ఆన్‌లైన్ బృందంలో అందరం వాయించిన ముక్కలు రికార్డ్ చేసి పంపుకుంటాం. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు మొదటిసారి 40 సెకన్ల ముక్క పంపాడు. ఓపెన్ డి, వాళ్ళ గురువు నేర్పినట్టు మూడో తీగ దించి కట్టుకున్నాడు. పది నిమిషాల్లో ఒకాయన జవాబు: "ట్యూనర్‌లో చెక్ చేశా, మూడో తీగ ఫ్లాట్. ముందు చెవి బాగు చేసుకో." కుర్రాడు ఆ ముక్క డిలీట్ చేశాడు. వాడి తరఫున ఇద్దరు ముగ్గురు వాదించారు, లెక్కలు కూడా చూపించారు. అది జరిగి ఆరు నెలలైంది. వాడు ఇంకా గ్రూప్‌లోనే ఉన్నాడు, అందరివీ వింటాడు. మళ్ళీ ఏమీ పంపలేదు.

ఆ వ్యాఖ్యలో పొగరు ఒక సమస్య. సమాచారం లేకపోవడం ఇంకా పెద్ద సమస్య. "శ్రుతి లేదు" అనేది "కోడ్ పని చెయ్యట్లేదు" లాంటి బగ్ రిపోర్ట్. ఏ ఫ్రెట్? పైకా, కిందికా? ఒక్కసారా, ప్రతిసారా? ఇదే బృందంలో రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉన్నారు, మేమంతా అంకుల్ అంటాం. కొత్తగా నేర్చుకుంటున్న అమ్మాయి "ఎలా ఉందో చెప్పండి" అని అడిగితే ఆయన రాసింది ఇది: "అమ్మా, బ్లాకింగ్ చాలా శుభ్రంగా ఉంది. 14వ సెకను దగ్గర ఏడో ఫ్రెట్‌లో కొంచెం పైకి వెళ్ళావు. పన్నెండులో కూడా పైకే. రెండుచోట్లా ఒకే వైపు పోతోందంటే చెవి తప్పు కాదు, కూర్చునే తీరు. గిటార్‌ని రెండంగుళాలు కుడికి జరిపి చూడు." పైన చెప్పిన కంటి లెక్కే ఇది. ఆయన 20 డిగ్రీలు, టాంజెంట్ అని చెప్పలేదు, అంతే తేడా. ఇంకో ముఖ్యమైన విషయం, ఆ అమ్మాయి అడిగింది కాబట్టే చెప్పారు. అడగనివాళ్ళకి "బాగుంది అమ్మా, ఏ ట్యూనింగ్?" అని మాత్రం రాస్తారు.

ఆ ప్రశ్న కూడా ఊరికే కాదు. ట్యూనింగ్ చెప్పకుండా పెట్టిన వీడియో నేర్చుకునేవాళ్ళకి సగమే పనికొస్తుంది. ట్యాబ్ అయితే అసలు పనికిరాదు, ఎందుకంటే "రెండో తీగ, ఐదో ఫ్రెట్" అంటే సి6లో ఒక స్వరం, ఓపెన్ డిలో ఇంకోటి. వెర్షన్ చెప్పకుండా "నా దగ్గర రన్ అవుతోంది" అన్నట్టే. దాంతోపాటు ఆ ముక్క ఎవరు కూర్చారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఒక లైన్ రాయడం మర్యాద. డబ్బు కట్టి చేరిన కోర్సులోని ట్యాబ్‌ని ఫొటో తీసి అందరికీ పంచడం మాత్రం సాయం కాదు, ఆ టీచర్ పొట్ట కొట్టడం.

కాల్‌లో కలిసి వాయించడం దాదాపు కుదరదు, శబ్దం వెళ్ళొచ్చే ఆలస్యం తాళాన్ని చంపేస్తుంది. కాబట్టి ఒకరు రికార్డ్ చేసి పంపితే ఇంకొకరు దాని మీద వాయించి పంపుతారు. మొదట పంపేవాళ్ళు టెంపో ఎంతో చెప్పాలి. తర్వాత వాయించేవాళ్ళు గొంతు పాడుతున్నంతసేపు బార్ ఎత్తి ఉంచాలి, లైనుకీ లైనుకీ మధ్య ఖాళీలో మాత్రం పలకాలి. జారే స్వరం గొంతులాగే ఉంటుంది కాబట్టి రెండూ ఒకేసారి వస్తే ఇద్దరు గాయకులు కొట్టుకుంటున్నట్టు ఉంటుంది.

చివరగా, "నా దగ్గర మామూలు గిటారే ఉంది" అని ఎవరైనా అడిగితే "ముందు మంచి ల్యాప్ స్టీల్ కొనుక్కో" అనకండి. పాత అకౌస్టిక్ గిటార్ చాలు. పైచివర నట్ మీద తొడిగే ఎత్తు ముక్క ఒకటి దొరుకుతుంది, దానితో తీగలు పైకి లేస్తాయి. ట్యూనింగ్ మాత్రం ఓపెన్ డి చెప్పండి: డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి. మామూలు శ్రుతి నుంచి దీనికి మారడానికి ఏ తీగనీ బిగించక్కర్లేదు, నాలుగింటిని దించితే సరిపోతుంది. జి, బి, డి, జి, బి, డి అని కడితే లావు తీగని మూడు ఫ్రెట్లంత పైకి లాగాలి, పాత గిటార్ వంతెన లేచిపోయే ప్రమాదం ఉంది. బార్ కొనేదాకా నున్నటి పెద్ద సాకెట్ స్పానర్ ముక్కతో మొదలుపెట్టొచ్చు. రాత్రి పదకొండు తర్వాత మాత్రం వద్దు, గోడ అవతల రూమ్ వాళ్ళకి కూడా కొంచెం మర్యాద ఇవ్వాలి.