ఫైర్‌వాల్‌లను దాటి ఇంటి కంప్యూటరును చేరుట

ఇంట్లో ఉన్న కంప్యూటరును మరొక చోటి నుండి ఇంటర్నెట్ ద్వారా తెరచి వాడుకోవడాన్ని రిమోట్ యాక్సెస్ అంటారు. తెలుగులో దీనిని దూర ప్రవేశము అనవచ్చును. విండోస్‌లోని రిమోట్ డెస్క్‌టాప్, లినక్స్ వాడుకరులకు సుపరిచితమైన ఎస్‌ఎస్‌హెచ్, పలు వ్యవస్థలలో పనిచేసే వీఎన్‌సీ ఇందుకు ప్రసిద్ధమైన సాధనాలు. ఇవి సాధారణంగా వరుసగా 3389, 22, 5900 అనే పోర్టుల వద్ద పిలుపు కోసం వేచి ఉంటాయి. ఐపీ చిరునామా ఇంటి నంబరు వంటిదైతే, పోర్టు ఆ ఇంటిలోని ఒక గది తలుపు వంటిది.

బయటి నుండి వచ్చే పిలుపు కంప్యూటరును చేరేలోపు పలు అడ్డంకులను దాటవలసి ఉంటుంది. వాడుకరి కూర్చున్న కార్యాలయపు లేదా కళాశాల ఫైర్‌వాల్, ఇంటర్నెట్ సేవాసంస్థ, ఇంటి రౌటరు, చివరకు కంప్యూటరులోనే ఉన్న ఫైర్‌వాల్ వీటిలో ముఖ్యమైనవి. ఏది అడ్డుపడినా తెరపై కనిపించేది దాదాపు ఒకే సందేశం. కావున దోషాన్ని లోపలి నుండి బయటకు వెదకుట ఉత్తమం.

కంప్యూటరు వద్ద

మొదట అదే ఇంటిలోని మరొక కంప్యూటరు నుండి ప్రయత్నించాలి. అక్కడే విఫలమైతే రౌటరు జోలికి పోనవసరం లేదు. కంప్యూటరు నిద్రావస్థలోకి వెళ్ళి ఉండవచ్చు, లేదా సేవ ప్రారంభమై ఉండకపోవచ్చు. విండోస్ హోమ్ ఎడిషన్ రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ఇతర కంప్యూటర్లను చేరగలదు గానీ తనలోనికి ఎవరినీ రానివ్వదు. అందుకు ప్రో ఎడిషన్ కావాలి. విండోస్ ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్ (2004) నుండి విండోస్ ఫైర్‌వాల్ దానంతటదే పనిచేస్తూ ఉంటుంది. పింగ్‌కు జవాబు రాకపోయినంత మాత్రాన కంప్యూటరు అందుబాటులో లేదని అనుకోరాదు, ఎందుకనగా ఫైర్‌వాల్‌లు తరచుగా పింగ్‌ను ఆపివేస్తాయి.

ఎస్‌ఎస్‌హెచ్ వంటి సాధనాలు ఇచ్చే దోష సందేశంలో ఒక ఆధారం దొరుకుతుంది. తిరస్కరణ వెంటనే వస్తే, పిలుపు ఏదో ఒక యంత్రాన్ని చేరిందనీ, ఆ పోర్టు వద్ద వినేవారు లేరనీ లేక నియమం ప్రకారం తిప్పికొట్టబడిందనీ అర్థం. చాలాసేపు మౌనంగా ఉండి గడువు ముగిసిందని చెబితే, దారిలో ఏదో ఫైర్‌వాల్ దానిని మింగివేసి ఉండవచ్చు, లేదా చిరునామాయే తప్పు కావచ్చు.

రౌటరు వద్ద

ఇంటిలోని పరికరాలన్నీ ఒకే బహిరంగ చిరునామాను పంచుకుంటాయి. అందువలన బయటి పిలుపును ఏ పరికరానికి పంపాలో రౌటరుకు ముందే చెప్పాలి. దీనిని పోర్టు ఫార్వార్డింగ్ అంటారు. నిన్నటి వరకు పనిచేసి నేడు ఆగిపోయిందంటే, కంప్యూటరుకు రౌటరు ఇచ్చిన లోపలి చిరునామా మారిందేమో చూడాలి. ఆ చిరునామాను కంప్యూటరు పేర స్థిరపరచుట దీనికి విరుగుడు. ఇంటి బహిరంగ చిరునామా మారుతూ ఉంటే డైనమిక్ డీఎన్‌ఎస్ సేవ ఉపకరిస్తుంది. ఈ పరీక్షను ఇంటి వైఫై నుండి చేయరాదు. కొన్ని రౌటర్లు తమ బహిరంగ చిరునామాకు లోపలి నుండి వచ్చే పిలుపును తిప్పి పంపలేవు. మొబైల్ డేటాతో ప్రయత్నించాలి.

సేవాసంస్థ వద్ద

చాలామంది రౌటరు అమరికలను మార్చుతూ రోజులు గడిపేది ఈ సంగతి తెలియకనే. ఐపీవీ4 చిరునామాల కొరత వలన భారతదేశంతో సహా అనేక దేశాలలో సేవాసంస్థలు ఒకే బహిరంగ చిరునామాను పలు ఇళ్ళకు పంచుతున్నాయి. దీని పేరు క్యారియర్ గ్రేడ్ న్యాట్. ఇందుకోసం 2012లో 100.64.0.0 నుండి 100.127.255.255 వరకు చిరునామాలను ప్రత్యేకించారు. రౌటరు తన బయటి చిరునామాగా చూపేదీ, చిరునామా తెలిపే వెబ్‌సైట్లు చూపేదీ వేరువేరుగా ఉంటే మధ్యలో మరొక న్యాట్ ఉన్నట్లే. అది ఇంటి మోడెములోనిదైతే దానిని బ్రిడ్జి పద్ధతికి మార్చవచ్చు. సేవాసంస్థదైతే ఇంటి రౌటరులో ఎన్ని పోర్టులు తెరచినా ఫలితం ఉండదు.

అప్పుడు మూడు దారులు మిగులుతాయి: బహిరంగ చిరునామాను అడిగి తీసుకొనుట, ఐపీవీ6 వాడుట (రౌటరు ఫైర్‌వాల్‌లో అనుమతి ఇవ్వాలి), లేదా ఇంటి కంప్యూటరే బయట ఉన్న ఒక సర్వరుకు ముందుగా అనుసంధానమై ఉండుట. బయటకు వెళ్ళే పిలుపులను ఫైర్‌వాల్‌లు సామాన్యంగా అడ్డగించవు గనుక మూడవది తరచుగా ఫలిస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ విలోమ సొరంగం, టీమ్‌వ్యూయర్, టెయిల్‌స్కేల్ వంటివి ఈ సూత్రం మీదనే ఆధారపడ్డాయి.

భద్రత

3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరచుట ప్రమాదకరం. 2019 మే నెలలో బయటపడిన బ్లూకీప్ అనే లోపం ద్వారా సంకేతపదం లేకుండానే పాత విండోస్ కంప్యూటర్లను వశపరచుకొనే వీలుండేది. 2014లోనే మద్దతు ముగిసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ అప్పుడు సవరణను విడుదల చేసింది. పోర్టు సంఖ్యను మార్చినా అన్ని పోర్టులనూ వెదికే వారికి అది కనిపిస్తూనే ఉంటుంది. ఇంటి వద్ద వీపీఎన్ ఏర్పరచి, దాని గుండా మాత్రమే రిమోట్ డెస్క్‌టాప్‌ను చేరుట మేలు. వైర్‌గార్డ్ యూడీపీ మీదనే నడుస్తుంది కాబట్టి, వెబ్ పోర్టులైన 80, 443 తప్ప మిగిలినవి మూసిన కార్యాలయాల నుండి పనిచేయకపోవచ్చు. ఓపెన్‌వీపీఎన్‌ను టీసీపీ 443 మీద కూడా నడపవచ్చును.